కలెక్టరు గారి సైటు కళ్ళు లేనోళ్ళకి ఏం చెబుతోంది?

గోదారికి నీరొస్తే మన లంకల్లో అందరి నోటా ఒకటే ప్రశ్న. ధవళేశ్వరం దగ్గర ఎంతుంది? బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి చేరి 10 లక్షల క్యూసెక్కులు కిందకెళ్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలైతే రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలైతే మూడోది. ఈ అంకెలు మన దగ్గర బడికెళ్ళే పిల్లోడికి కూడా నోటికొచ్చు. రావాల్సిందే మరి, గొడ్డూ గోదా ఎప్పుడు విప్పాలో, మనం ఎప్పుడు గట్టెక్కాలో ఆ అంకెలే చెబుతాయి. 1986లో 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది.

ఈ కబురు పూర్వం టముకేసి చెప్పేవోరు. తర్వాత ఆటోకి మైకు కట్టి తిప్పేరు. ఇప్పుడు ఫోనుకొస్తోంది. వరద బులెటిన్ కాగితం మీద కొట్టి, దాన్ని ఫోటో తీసి, సైట్లో పెడతారు, ట్విట్టర్లో పెడతారు, వాట్సాప్ గ్రూపుల్లోకి తోస్తారు. మనం ఫోటో తెరిచి చదువుకుంటాం. కళ్ళు కనపడని మనిషి ఏం చేస్తాడు? ఆయన ఫోన్లో టాక్‌బ్యాక్ అని ఒకటుంటుంది, తెర మీద ఉన్న అక్షరాలు పైకి చదివి వినిపిస్తది. ఆ ఫోటో మీద వేలెడితే అది చెప్పే మాట ఒకటే: "ఇమేజ్". నీరు "ఇమేజ్" అడుగుల దగ్గరుంది, "ఇమేజ్" లక్షల క్యూసెక్కులు వదిలేరు. అంతే. టముకే నయం గదండీ, అది కళ్ళు అడగలేదు.

ఆ టముకు చెవిటోళ్ళకి వినపడేది కాదనుకోండి. ఇప్పుడు ఫోను ఉంది కాబట్టి కళ్ళు లేనోళ్ళకి చెవుల్లోంచి, చెవులు లేనోళ్ళకి కళ్ళల్లోంచి ఒకే కబురు ఒకేసారి పంపొచ్చు. చరిత్రలో ఇంత సులువు ఎప్పుడూ లేదు. దాన్ని కూడా ఫోటో తీసి పాడు చేసుకున్నాం.

ఇది దయాధర్మం సంగతి కాదు, చట్టం సంగతి. 2016లో పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టం చేసింది, 2017 ఏప్రిల్ 19 నించి అమల్లో ఉంది. అందులో 8వ సెక్షన్ ఏం చెబుతోందంటే, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలో ఉన్న వికలాంగుల వివరాల రికార్డు పెట్టుకోవాలి, ప్రమాదం వచ్చినప్పుడు వాళ్ళకి తెలియజేసే ఏర్పాటు చెయ్యాలి. ఆ సంస్థకి అధ్యక్షుడు ఎవరు? జిల్లా కలెక్టరే. అంటే తుపానైనా వరదైనా కళ్ళు లేనోడికి, చెవులు లేనోడికి కబురు చేర్చే పూచీ చట్టం నేరుగా కలెక్టరు కుర్చీ మీద పెట్టింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను వెయ్యి మందిని పైగా మింగిన నేల ఇది. మొన్న 2025 అక్టోబరులో మొంథా మన తీరం మీదకే వచ్చింది. ఈ సెక్షను మనకి ఉత్తుత్తి అక్షరం కాదు.

పేరు గురించి ఒక మాట. కేంద్రం వాళ్ళు 2015 చివర్నించి "దివ్యాంగులు" అంటున్నారు. మన రాష్ట్రంలో శాఖ పేరు "విభిన్న ప్రతిభావంతుల" శాఖ. నేను వికలాంగులు అనే రాస్తాను. ఎక్కువమంది తమని తాము పిలుచుకునే మాట అదే, సంఘాల బోర్డుల మీదా అదే ఉంటది. ప్రతిభ ఉందని పొగడక్కర్లేదు, నోటీసు చదువుకోనిస్తే చాలు.

అసలు సైటు ఎలా వినపడుతుంది

మన కుర్రోళ్ళకి ఇది తెలియాలి, ఎందుకంటే రేపు ఈ సైట్లు చేసేది మీలోనే ఎవరో ఒకరు. స్క్రీన్ రీడర్ అనేది తెర మీద బొమ్మని చూడదు. సైటు వెనకాల రాసిన కోడ్‌ని చదువుతుంది. అక్కడ "ఇది శీర్షిక", "ఇది లింకు", "ఇది బటన్", "ఈ ఫోటోలో ఫలానాది ఉంది" అని రాసుంటే అలాగే చెప్తుంది. రాసి లేకపోతే దానికేం తెలీదు. కంప్యూటర్లో వాడే ఎన్‌వీడీఏ అనేది 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అని ఇద్దరు అంధ కుర్రోళ్ళు మొదలెట్టింది. పైసా ఖర్చు లేదు, తెలుగు గొంతు కూడా ఉంది. దానికి ముందు ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనాలంటే కళ్ళు లేని పేదోడికి అయ్యే పని కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్, ఐఫోన్లో వాయిస్‌ఓవర్ ఊరికినే వస్తాయి. అంటే వినే మిషను మన ప్రతి జేబులోనూ ఉంది. వినిపించాల్సిన వైపే తేడా.

మన జిల్లాల సైట్లు తీసుకుందాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినాక రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు ఎవరికి వారికి కలెక్టరేట్లయ్యేయి, ఎవరి సైటు వారిది. ఇవి కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐసీ తయారు చేసిన ఒకే మూస మీద నడుస్తాయి. ఆ మూస పేరు ఎస్‌3వాస్. అందులో ఒక "ఎస్" సుగమ్య, అంటే అందరికీ అందేది అని. నిజం చెప్పాలంటే మూస బాగానే ఉంటది. పైన మెనూ అంతా దాటుకుని నేరుగా అసలు విషయానికెళ్ళే లింకుంటుంది, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, రంగులు మార్చుకోవచ్చు. ఇల్లు బాగానే కట్టేరు. గొడవంతా ఆ ఇంట్లోకి రోజూ మోసుకొచ్చి పడేసే సామాన్లతోనే.

ఒక నోటీసు పుట్టుక చూడండి. ఆఫీసులో గుమస్తా గారు కంప్యూటర్లో టైపు చేస్తారు. ఆ క్షణాన అది అక్షరం. స్క్రీన్ రీడర్ చదవగలదు, వెతికితే దొరుకుతుంది, కాపీ చేసుకోవచ్చు. తర్వాత దాన్ని ప్రింటు తీస్తారు. పెద్దాయన సంతకం పెడతారు, సీలు పడుతుంది. మళ్ళీ స్కానర్ మీద పెట్టి, కొంచెం వంకరగా, పీడీఎఫ్ చేసి సైట్లో ఎక్కిస్తారు. ఇప్పుడది అక్షరం కాదు, అక్షరాల ఫోటో. కళ్ళు లేనోడి ఫోను దాన్ని తెరిచి "ఖాళీ పేజీ" అనేస్తది, లేదా ఏం మాట్లాడకుండా ఊరుకుంటది. పుట్టినప్పుడు బతికున్న కాగితాన్ని మనమే మధ్యలో చంపి పెడుతున్నాం. దీనికి మందు ఏంటంటారా? టైపు చేసిన మొదటి ఫైలు కూడా పక్కన పెట్టడం. సంతకం ఉన్న స్కానూ పెట్టండి, దాని కింద అసలు ఫైలూ పెట్టండి. ఖర్చు సున్నా. కలెక్టరు గారు ఒక సర్క్యులర్ ఇస్తే పొద్దున్నించి మొదలెట్టొచ్చు.

దీంట్లో తెలుగుకి మాత్రమే ఉన్న తెగులు ఇంకోటుంది. అను ఫాంట్లు. పెళ్ళి శుభలేఖ నించి ఫ్లెక్సీ దాకా మన డీటీపీ షాపులన్నీ అను మీదే బతికేయి, దానికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ అను అక్షరం నిజానికి తెలుగు అక్షరం కాదు. కంప్యూటరుకి సంబంధించి అది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ, పైన తెలుగు ముసుగు. ముసుగు కంటికే. స్క్రీన్ రీడర్‌కి ముసుగు కనపడదు గదా, అది లోపలున్న గుర్తుల్ని చదువుతుంది. "వరద బాధితులకు" అన్న చోట ఏవో డాలర్ గుర్తులూ, ప్లస్సులూ, అర్థం లేని అక్షరాలూ వినపడతాయి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటొచ్చింది. మీరు వాట్సాప్‌లో కొట్టే తెలుగు యూనికోడే. పదో తరగతి పిల్ల ఫోన్లో కొట్టగలిగిన తెలుగు, ఆఫీసు కంప్యూటర్లో ఎందుకు రాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంకో చిన్న సంగతి, కానీ పెద్ద తేడా చేస్తది. పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో ఒక ముక్క రాయాలి. తెలుగు పేజీకి కూడా "ఇంగ్లీషు" అని వదిలేస్తే కొన్ని స్క్రీన్ రీడర్లు ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదవబోయి ముక్కలు మింగేస్తాయి. రెండక్షరాల పని అది.

కళ్ళ సంగతే మాట్లాడితే సరిపోదు. చెవుడున్నోళ్ళకి కలెక్టరు గారి వీడియో సందేశం కింద అక్షరాలు లేకపోతే అది నోరాడించే బొమ్మే. కంట్రోల్ రూమ్‌కి ఫోన్ నెంబరొకటే ఇస్తే వినపడని, మాట్లాడలేని మనిషి ఏ నెంబరుకి ఏం చెప్తాడు? అక్కడ మెసేజ్ పెట్టే నెంబరు కూడా ఉండాలి. చేతులు వణికేవాళ్ళకి ఆవగింజంత బటన్లు, రెండు నిమిషాలకే మూసుకుపోయే ఫారాలు నరకం. రంగులు తేడా తెలియనోళ్ళకి ముంపు మ్యాపులో ఎర్ర మండలం, నారింజ మండలం ఒకటే, మండలం పేరూ "ఎక్కువ ప్రమాదం" అన్న మాటా రాసుంటే తప్ప. ఇక క్యాప్చా ఉందే, వంకర అక్షరాలు చూసి కొట్టమనేది, దానికి పక్కన వినే వీలు లేకపోతే కళ్ళు లేని మనిషికి అది గుమ్మానికేసిన తాళం. నువ్వు మనిషివేనా అని అడుగుతుంది, మనిషినని రుజువు చేసుకునే దారి మాత్రం ఇవ్వదు.

కొన్ని సైట్లలో మూలన చక్రాల కుర్చీ బొమ్మో, చేతులు చాపిన మనిషి బొమ్మో ఉంటది. నొక్కితే అక్షరాలు పెరుగుతాయి, తెర నల్లగా మారుతుంది. దాన్ని చూసి "మాది అందరికీ అందే సైటు" అని చెప్పుకుంటారు. లోపలేమో స్కాన్ పీడీఎఫ్‌లు. పైన పటారం లోన లొటారం. చూపు మందగించిన పెద్దోళ్ళకి ఆ బటన్ కొంత ఉపయోగమే, కాదనను. పూర్తిగా కనపడనోడికి అక్షరం ఎంత పెద్దదైతే ఏం లాభం?

ఎవరు కొట్లాడితే ఏమైంది

ప్రభుత్వ సైట్లకి నియమాలు లేవనుకోకండి. ప్రపంచమంతా పాటించే వెబ్ నియమాలు, డబ్ల్యూకాగ్ అంటారు, 1999లో మొదటిసారి వచ్చేయి. మన దేశంలో ప్రభుత్వ సైట్లకి జీఐజీడబ్ల్యూ అని 2009లో పెట్టేరు, 2018లో, 2023లో మార్చి రాసేరు. కాగితం మీద మనం ఎవరికీ తీసిపోం.

వికలాంగుల చట్టంలో 42వ సెక్షన్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలంటుంది. 46వ సెక్షన్ గడువు పెట్టింది. రూల్స్ వచ్చిన రెండేళ్ళ లోపు, ప్రభుత్వం గానీ ప్రైవేటు గానీ, సేవలన్నీ అందుబాటు రూపంలోకి మార్చాలని. రూల్స్ 2017 జూన్‌లో వచ్చేయి. అంటే 2019 జూన్‌కే గడువైపోయింది. ఆ రూల్స్‌లోనే 15వ రూల్ సైట్లు జీఐజీడబ్ల్యూ ప్రకారం ఉండాలి, పత్రాలు ఈపబ్‌లో గానీ అక్షరం చదవగలిగే పీడీఎఫ్‌లో గానీ ఉండాలి అని తేటగా చెప్పింది. మన స్కాన్ పీడీఎఫ్ ఆ రోజే తప్పయ్యింది.

మరి ఎందుకు మారలేదు? ఆ రూలు గట్టిగా కాటేసేది కాదు. ఈ సంగతి సుప్రీంకోర్టే చెప్పింది. రాజీవ్ రాతూరి అనే చూపు లేని పెద్దమనిషి 2005లో వేసిన కేసు అది. రోడ్లు, రైళ్ళు, భవనాలు వికలాంగులకి అందుబాటులో లేవని. ఆ కేసులో దేశంలో పరిస్థితి చూసి రిపోర్టు ఇమ్మని కోర్టు ఎవరికి అప్పజెప్పిందో తెలుసా? హైదరాబాదులోని నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ళకి. ఆ రిపోర్టు చూసినాక 2024 నవంబరు 8న కోర్టు తీర్పిచ్చింది. చట్టమేమో "తప్పనిసరి" అంటోంది, 15వ రూలేమో సలహాల చిట్టాలా ఉంది, ఇది చెల్లదు అంది. కచ్చితంగా పాటించి తీరాల్సిన నియమాలు మూడు నెలల్లో వేరే రాయమని కేంద్రానికి చెప్పింది. కేసు వేసిన 19 ఏళ్ళకి. కోర్టు మెట్లెక్కే ఓపిక అందరికీ ఉండదు, ఆయన ఓపికకి దణ్ణం.

తర్వాత 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు. ప్రజ్ఞా ప్రసూన్ గారు యాసిడ్ దాడికి గురైన మనిషి. బ్యాంకు ఖాతాకి ఆన్‌లైన్ కేవైసీ అంటే కెమెరా ముందు కళ్ళు ఆర్పి చూపించమన్నారు. యాసిడ్‌కి దెబ్బతిన్న కళ్ళు ఎలా ఆర్పుతుంది? చూపు లేని మరొకరు కూడా ఇలాంటి కేసే వేసేరు. జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం రెండూ కలిపి విని, ఆన్‌లైన్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది, 20 ఆదేశాలిచ్చింది. జీవించే హక్కు అంటే మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఏటి మధ్య లంకలో ఉండి వరద కబురు అందడం జీవించే హక్కు కాక మరేంటి?

ఇది ఇక్కడి కొట్లాటే కాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ సైటు తనకి చదవడానికి రావట్లేదని బ్రూస్ మెగ్వైర్ అనే అంధుడు ఫిర్యాదు చేస్తే, అక్కడి మానవ హక్కుల సంస్థ సరి చెయ్యమంది. నిర్వాహకులు పూర్తిగా చెయ్యలేదు, 20 వేల ఆస్ట్రేలియా డాలర్లు కట్టాల్సొచ్చింది. కెనడాలో డోనా జోధన్ అనే అంధురాలు ఏకంగా దేశ ప్రభుత్వం మీదే కోర్టుకెళ్ళింది, సర్కారు సైట్లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోలేకపోతున్నానని. 2010లో గెలిచింది, ప్రభుత్వం అప్పీలుకెళ్తే 2012లో మళ్ళీ గెలిచింది. ఇద్దరూ మామూలు మనుషులే. ఫిర్యాదు కాగితం మీద రాసేరు, అంతే తేడా.

మన దగ్గర దొరికే సమాధానాలు

ఈ మాట ఆఫీసుల్లో ఎత్తితే మొదట వినపడేది: "వాళ్ళు సైటు చూడరండీ, సచివాలయానికొస్తే మేం చేసి పెడతాం." 2019 అక్టోబరు 2 నించి ఊరూరా సచివాలయాలున్న మాట నిజమే, అక్కడ కుర్రోళ్ళు చాలామంది ఓపిగ్గా చేస్తున్నారు, అదీ నిజమే. కానీ ఆలోచించండి. 2025లో వికలాంగ పింఛన్లు మళ్ళీ తనిఖీ చేసేరు. 40 శాతం లోపు అని తేలిన చాలామందికి నోటీసులొచ్చేయి. నెలకి 6 వేలు, మంచం మీదున్నోళ్ళకి 15 వేలు, బతుకంతా ఆ డబ్బు మీదే. అలాంటి నోటీసు చూపు లేని మనిషి చేతిలో పెడితే ఆయన ఏం చేస్తాడు? పక్కింటోడిని చదవమంటాడు. నీ పింఛను ఎంత, నీ రోగమేంటి, నీ శాతమెంత, అన్నీ ముందు పక్కింటోడికి తెలుస్తాయి, తర్వాత నీకు. చదివినోడు సగం చెప్పి సగం మింగినా నీకు తెలీదు. మా ఎరికలో డిగ్రీ చదివిన ఒక అంధ కుర్రాడున్నాడు. "అన్నా, చదివి పెట్టేవోళ్ళు నాకు ఎప్పుడూ తక్కువ లేరు, నేనే చదువుకునే కాగితమే లేదు" అన్నాడోసారి. సాయం వేరు, హక్కు వేరు అని నేను గంట మీటింగులో చెప్పేది ఆయన ఒక ముక్కలో చెప్పేసేడు.

రెండో సమాధానం: "అలాంటోళ్ళు ఎంతమంది ఉంటారండి?" 2011 జనాభా లెక్కల్లో దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షల 66 వేల మంది. అప్పటికి చట్టం లెక్కలో వైకల్యాలు ఏడే, 2016 చట్టం వాటిని 21 చేసింది. కాబట్టి నిజం లెక్క అంతకన్నా ఎక్కువే. అయినా లెక్క ఎందుకు, ఊళ్ళో ఒక్కడే ఉంటే ఆ ఒక్కడూ మునగొచ్చా?

ఇంకో సంగతి. దీనివల్ల లాభపడేది వాళ్ళొక్కళ్ళే కాదు. ఫోటో నోటీసు రెండు మూడు ఎంబీలుంటే అదే అక్షరాలైతే పట్టుమని పది కేబీ ఉండదు. తుపానులో టవరు సగం చచ్చి ఒక్క గీత సిగ్నలున్నప్పుడు లంకలో ఫోటో గిర్రున తిరుగుతానే ఉంటది, అక్షరం వచ్చేస్తుంది. మిట్టమధ్యాహ్నం చేలో ఎండలో నిలబడి చూసే రైతుకి లేత బూడిద రంగు అక్షరాలు కనపడవు, ముదురు రంగు కనపడుతుంది. శుక్లాలొచ్చిన అమ్మమ్మకి ఫోటో పెద్దది చేస్తే మసకైపోతుంది, అక్షరం పెద్దది చేస్తే నిలబడుతుంది. 2021 ఆగస్టులో మన రాష్ట్రంలో జీవోలు సైట్లో పెట్టడమే మానేసేరు, 2024లో మళ్ళీ మొదలెట్టేరు. ఆ మూడేళ్ళూ జీవో చదవడంలో కళ్ళున్నోళ్ళకీ లేనోళ్ళకీ తేడా లేకుండా పోయింది. అప్పుడు మన లాయర్లూ విలేకర్లూ ఎంత గోల పెట్టేరో గుర్తుందిగా. ఆ గోలకి కారణమైన పరిస్థితి కొందరికి రోజూ ఉంటది.

మంచి జరిగిన చోట మంచి చెప్పాలి. 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ అక్షరాల మీద నడిచేది కాబట్టి టాక్‌బ్యాక్‌కి మామూలు సైట్ల కన్నా సులువు. చివర్లో వచ్చే కాగితం కూడా అక్షరమే అయ్యుండాలి, అది చూసుకోవాలి.

ఇప్పుడు మీరు ఏం చెయ్యొచ్చు

ముందు మీరే పరీక్ష చెయ్యండి. మీ జిల్లా సైట్లో తాజా నోటీసు ఒకటి తెరవండి. దాంట్లో ఒక లైను మీద వేలు నొక్కి పట్టి కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. అసలు వేలికి చిక్కకపోతే అది ఫోటో. అతికిస్తే పిచ్చి గుర్తులొస్తే అది అను. శుభ్రంగా తెలుగొస్తే అది అక్షరం. అర నిమిషం పని, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకెళ్ళి టాక్‌బ్యాక్ ఆన్ చెయ్యండి. కుడి వైపుకి తోస్తే తర్వాతి దాని మీదకెళ్తుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. కళ్ళు మూసుకోండి. కంట్రోల్ రూమ్ నెంబరు కనుక్కోండి. వరద బులెటిన్ వినండి. అర్జీ ఒకటి నింపి చూడండి. ఎక్కడ ఆగిపోయేరో రాసుకోండి. ఆపడానికి మళ్ళీ అదే దారి, ముందే చెబుతున్నా, లేకపోతే ఫోను పాడైందని కంగారు పడతారు. కంప్యూటరుంటే మౌస్ తీసేసి ట్యాబ్ కీతో మాత్రమే తిరిగి చూడండి. పక్కన వైకల్యం ఉన్న దోస్తు ఉంటే ఆయన్నే కూర్చోబెట్టి చూడమనండి, మన అంచనాల కన్నా ఆయన అనుభవం నిక్కచ్చి.

రాసుకున్నది అర్జీ చెయ్యండి. "సైటు బాలేదు" అని రాస్తే బుట్టలోకే. ఏ పేజీ, ఏ తారీఖు నోటీసు, ఏం జరిగింది, ఏం కావాలి అని రాయాలి. ఇలాగ: "ఫలానా తేదీన పెట్టిన వరద బులెటిన్ ఫోటో రూపంలో ఉన్నందున చూపు లేనివారు చదవలేకపోతున్నారు. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్లు 8, 42, 46 ప్రకారం ఇకపై ప్రతి బులెటిన్‌నీ యూనికోడ్ తెలుగు అక్షరాల్లో కూడా పెట్టవలసిందిగా, ఎప్పటి నుంచి పెడతారో తెలియజేయవలసిందిగా కోరుతున్నాము." దీన్ని సోమవారం గ్రీవెన్సులో ఇచ్చి రసీదు తీసుకోండి. సైట్లో అడుగున వెబ్ ఇన్ఫర్మేషన్ మేనేజర్ అని ఒక పేరుంటుంది, నియమాల ప్రకారం ఉండాలి, ఆయనకీ ఒకటి పంపండి.

కదలిక లేకపోతే సమాచార హక్కు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకైతే రుసుము లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10. సైటుకి అందుబాటు ఆడిట్ ఎప్పుడు జరిగింది, రిపోర్టు కాపీ ఇవ్వండి, 8వ సెక్షన్ ప్రకారం వికలాంగుల రికార్డు ఉందా, ఎంతమంది ఉన్నారు, పోయిన వరదలో వాళ్ళకి కబురు ఏ రూపంలో పంపేరు అని అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఈ చట్టంలోనే చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. 7వ సెక్షన్ 4వ ఉపసెక్షన్. అడిగిన మనిషికి చూపో వినికిడో లేకపోతే ఆ సమాచారం ఆయనకి అందేలా సాయం చెయ్యడం సమాచార అధికారి బాధ్యత. కాబట్టి చూపు లేని మిత్రుడి పేరు మీదే అర్జీ పెట్టించి, జవాబు అక్షరాల ఫైలుగా మెయిల్ చెయ్యమని రాయించండి.

అదీ కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్. సాక్షుల్ని పిలిపించడంలో, కాగితాలు తెప్పించడంలో ఆయనకి సివిల్ కోర్టుకున్న అధికారాలుంటాయి. ఆయన సిఫార్సు చేస్తే ఏం చేసిందీ ఆ ఆఫీసు మూడు నెలల్లో చెప్పాలి. చట్టం మీరితే 89వ సెక్షన్ కింద మొదటిసారి 10 వేల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 50 వేల నించి 5 లక్షల దాకా.

వరద కాలం జూన్ చివర్లో మొదలవుద్ది. జులై, ఆగస్టుల్లో ఆఫీసుకెళ్తే ఎవరూ ఖాళీగా దొరకరు, అందరూ గట్ల మీదుంటారు. అర్జీ ఏదో మే లోపే ఇచ్చేసి, ఆ రసీదు ఫోటోతో పాటు అర్జీలో రాసిన ముక్కలు అక్షరాల్లో కూడా మీ ఊరి గ్రూపులో పెట్టండి.